పచ్చ అక్షరాల కింద ఉన్న అంకెలు

నా పాత హార్డ్ డిస్క్‌లోని చివరి ఫైలు మొన్న రాత్రి కొత్త డిస్క్‌లోకి చేరింది. ఏడు వారాలుగా కంటినిండా కునుకు లేని నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. జరిగినదంతా మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే రాసిపెట్టాలని కూర్చున్నాను. నా కంప్యూటర్ పదేపదే కుప్పకూలడానికి కారణమేమిటో మూడో వారంలోనే ఒక కాగితం మీద అచ్చై నా చేతికి వచ్చింది. చదవవలసినవారు దాన్ని చదవలేదు, చదవడం నాకు అప్పటికి రాదు.

మొదట్లో యంత్రం ఆగిపోయేది కాదు, బిగుసుకుపోయేది. మౌస్ బాణం కదులుతూనే ఉండేది కానీ ఏ విండో మీద నొక్కినా చలనం ఉండేది కాదు. సీపీయూ పెట్టె మీది డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ ఉండేది. అర నిమిషం గడిచాక ఏమీ జరగనట్టే పని మళ్లీ సాగేది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే డిస్క్ వాడకం 100 శాతమని కనిపించేది, చదివే వేగం మాత్రం దాదాపు సున్నా. పది రోజులు తిరిగేసరికి ఆ బిగుసుకుపోవడం కాస్తా బ్లూ స్క్రీన్‌గా, అంటే విండోస్ కూలినప్పుడు వచ్చే నీలి తెరగా, మారింది. ఒకరోజు కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అని, మరొకరోజు క్రిటికల్ ప్రాసెస్ డైడ్ అని వచ్చేది. ఆ తెర మీద కనిపించే శాతం సున్నా దగ్గరే నిలిచిపోయేది, యంత్రం తిరిగి మొదలయ్యాక కూలిన క్షణం వివరాలు దాచే డంప్ ఫైలు కోసం వెతికితే ఒక్కటీ దొరికేది కాదు. అలా దొరకకపోవడమే ఒక ఆధారమని తరువాత తెలిసింది: డంప్‌ను రాయవలసింది కూడా ఆ డిస్క్ మీదే కాబట్టి, డిస్క్ పలకనప్పుడు కూలిన జాడ కూడా మిగలదు.

మెమ్‌టెస్ట్ 86 ప్లస్‌తో రాత్రంతా మెమరీని పరీక్షించాను, ఒక్క తప్పు కూడా రాలేదు. దుమ్ము దులిపి ఫ్యాన్లు చూశాను, వేడి మామూలుగానే ఉంది. నాకు తెలిసినది అంతటితో అయిపోయిందనుకొని సీపీయూను సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాను.

అక్కడి టెక్నీషియన్ ఒక ప్రోగ్రామ్ నడిపి, తెర మీద పచ్చ అక్షరాలతో పాస్డ్ అని వచ్చిన మాటను చూపించి, డిస్క్ దివ్యంగా ఉందని, వైరస్ చేరిందని, విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందని చెప్పాడు. నా పరిశోధన గ్రంథంలోని నాలుగు అధ్యాయాలు, దానికోసం మూడేళ్లుగా సేకరించిన సంభాషణల రికార్డింగులు డి డ్రైవ్‌లో ఉన్నాయని, నా దగ్గరున్న నకలు ఎనిమిది నెలల పాతదని, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని వేడుకున్నాను. అతడు సి డ్రైవ్‌ను పూర్తిగా ఫార్మాట్ చేసి, విండోస్ వేసి, పరీక్ష ఫలితాల కాగితంతో సహా తిరిగి ఇచ్చాడు. తొమ్మిది రోజులు యంత్రం చక్కగా నడిచింది. పదో రోజు ఒక అధ్యాయాన్ని సవరిస్తుండగా మళ్లీ అదే బ్లూ స్క్రీన్ వచ్చింది.

రెండోసారి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర చాలామంది ఉన్నారు. నేను పరిస్థితి వివరిస్తుండగానే అతడు అడ్డుపడి, అందరికీ వినిపించేలా, "మేడమ్, డిస్క్ పాస్ అయింది, విండోస్ కొత్తది. తొమ్మిది రోజుల్లో మళ్లీ పాడైందంటే తప్పు మెషిన్‌ది కాదు, వాడేవాళ్లది. ఏది నొక్కాలో ఏది నొక్కకూడదో మీ ఇంట్లో పిల్లలనెవరినైనా అడిగి తెలుసుకోండి" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నేను ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ మీదే పనిచేస్తున్నాను. ఆ క్షణంలో మాత్రం నోట మాట రాలేదు. ఆ వెంటనే, అంత నమ్మకం లేకపోతే మదర్‌బోర్డు మార్చి చూద్దామని కూడా అతడు అన్నాడు. తప్పు వాడేవారిదే అయితే మదర్‌బోర్డు ఎందుకు మార్చాలి? ఆ ప్రశ్న నాకు దారిలో తట్టింది, అక్కడ తట్టలేదు. సీపీయూను తిరిగి తెచ్చుకున్నాను, ఇక మళ్లీ అక్కడ అడుగుపెట్టలేదు. తాము కనుక్కోలేని దోషాన్ని తెచ్చినవారి నెత్తిన రుద్దే చోట ఒక్క నిమిషం కూడా నిలబడనక్కరలేదని నా గట్టి అభిప్రాయం.

ఆ రాత్రే, విండోస్‌లో జరిగినవి నమోదయ్యే చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ విభాగంలోని ఎర్ర గుర్తులను ఒక్కొక్కటిగా చదివాను. కెర్నల్ పవర్ 41 అనేది చాలాసార్లు ఉంది. అది యంత్రం సరిగా మూతపడకుండా తిరిగి మొదలైందని చెబుతుందే తప్ప కారణం చెప్పదు. దాన్ని చూసి పవర్ సప్లై మార్చేవారు ఎందరో ఉన్నారు, తొందరపడవద్దని నా మనవి. నాకు కావలసినవి డిస్క్ పేరుతో నమోదైన వరుసల్లో దొరికాయి. 7 అంటే డిస్క్ మీద చెడిన భాగం ఉందని, 51 అంటే పేజింగ్ జరుగుతున్నప్పుడు తప్పు వచ్చిందని, 153 అంటే చదవడానికో రాయడానికో చేసిన ప్రయత్నాన్ని మళ్లీ చేయవలసి వచ్చిందని అర్థం. మెమరీలో ఉంచనక్కరలేదనుకున్న భాగాన్ని విండోస్ డిస్క్ మీది పేజ్ ఫైల్‌లో దాచుతుంది. అవసరమై తిరిగి అడిగినప్పుడు అది ఉన్న సెక్టర్‌ను, అంటే డిస్క్ మీది చిన్న గడిని, చదవడానికి వీలు కాకపోతే విండోస్ మూలభాగమైన కెర్నల్‌కు ముందుకు సాగే దారి ఉండదు. ఇన్‌పేజ్ ఎర్రర్ అన్న మాటకు అర్థం ఇదే. నేను ఏదో నొక్కడం వల్ల వచ్చేది కాదు.

ఆ తరువాత స్మార్ట్ విలువలు చూశాను. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే లెక్కపెట్టుకునే పట్టిక అది. దాన్ని చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో ముడి విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, కనిపిస్తాయి. అక్కడ 10 అని ఉంటే అది 16 అని తెలియక నేను మొదటి గంటంతా తికమకపడ్డాను. లెక్క సరిచేసుకున్నాక తేలినది ఇది: 5వ వరుసలో, అంటే చెడిపోగా, విడిగా దాచి ఉంచిన మంచి సెక్టర్లతో మార్చేసిన వాటి సంఖ్యలో, 24 ఉంది. 197వ వరుసలో, అంటే చదవడానికి వీలుకాక తీర్పు కోసం ఎదురుచూస్తున్న వాటి సంఖ్యలో, 40 ఉంది. డిస్క్‌కూ బోర్డుకూ మధ్య కేబుల్ చెడితే పెరిగే 199వ వరుసలో సున్నా ఉంది కాబట్టి కేబుల్‌ను అనుమానించలేదు.

అప్పుడు సొరుగులోంచి సర్వీస్ సెంటర్ కాగితం తీశాను. పాస్డ్ అన్న పెద్ద పచ్చ అక్షరాల కింద, చిన్న అక్షరాల పట్టికలో, 5వ వరుసకు ఎదురుగా 0, 197వ వరుసకు ఎదురుగా 24 ఉన్నాయి.

ఆ కాగితాన్ని పట్టుకొని చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. చదవడానికి వీలుకాని సెక్టర్ మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడే సాధారణంగా డిస్క్ దాని సంగతి తేలుస్తుంది: రాత నిలిస్తే జాబితాలోంచి తీసేస్తుంది, నిలవకపోతే దాని స్థానంలో దాచి ఉంచిన సెక్టర్‌ను పెడుతుంది. విస్టా అనే వెర్షన్ నుంచి విండోస్ పూర్తి ఫార్మాట్‌లో ప్రతి సెక్టర్ మీదా సున్నాలు రాస్తుంది. అంటే ఆ టెక్నీషియన్ చేసిన ఫార్మాట్ ఏ వైరస్‌నూ తొలగించలేదు; ఎదురుచూస్తున్న 24 సెక్టర్లనూ 5వ వరుసలోకి నెట్టి, పాత ఈవెంట్ల చిట్టాను కూడా చెరిపేసి, నాకు తొమ్మిది రోజుల ప్రశాంతత ఇచ్చింది. అంతలో డిస్క్ మరో 40 చోట్ల చెడింది. 197 తగ్గడం కోలుకోవడం కాదు, పక్కనే 5 ఎంత పెరిగిందో చూడాలి.

పాస్డ్ అన్న మాటకు వస్తే, తయారీదారు ప్రతి వరుసకూ ఒక హద్దు పెట్టుకుంటాడు, ముడి అంకె నుంచి లెక్కగట్టే విలువ ఆ హద్దు దాటి పడిపోయినప్పుడే డిస్క్ తాను చెడిపోయానని ఒప్పుకుంటుంది. డజన్లకొద్దీ సెక్టర్లు పోయినా ఆ హద్దు తగలకపోవచ్చు. గూగుల్ ఇంజినీర్లు ముగ్గురు లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, తనను తాను తనిఖీ చేసుకునే స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్క్ ఆ తరువాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం తప్పులేని దానికంటే 39 రెట్లు ఎక్కువ. చెడిన డిస్క్‌లలో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ చూపకుండానే చెడ్డాయని కూడా అందులోనే ఉంది. అంకె కనిపిస్తే భయపడాలి, కనిపించకపోయినా నకలు ఉంచుకోవాలి.

నాలుగు రోజుల్లో 40 కాస్తా 64 అయింది. డిస్క్‌ను తనిఖీ చేసే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్‌ను, చెడిన సెక్టర్లను వెతికించే ఆర్ స్విచ్‌తో నడపమని తెలిసినవారు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. అది కొనఊపిరితో ఉన్న డిస్క్ చేత ప్రతి సెక్టర్‌నూ చదివిస్తుంది, దొరికిన దోషాలను దాని మీదే సరిదిద్దుతుంది. ముందు నకలు, ఆ తరువాతే ఏ పరీక్షైనా. పాతదానికంటే పెద్ద కొత్త డిస్క్ తెచ్చి, విండోస్‌కు బదులుగా యూఎస్‌బీ నుంచి లినక్స్ నడిపి, చెడుతున్న డిస్క్ నుంచి డేటా తీసే డీడీ రెస్క్యూ ప్రోగ్రామ్‌తో నకలు మొదలుపెట్టాను. అది సులువుగా వచ్చే భాగాలను ముందు తీసుకొని, మొండికేసే చోట్లను దాటవేసి, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ అక్కడినుంచే సాగుతుంది. మూలం పేరు, గమ్యం పేరు తారుమారైతే ఉన్నదంతా పోతుంది, అందుకే రెండు డిస్క్‌ల సీరియల్ నంబర్లనూ కాగితం మీద రాసుకొని మూడుసార్లు సరిచూశాను. ఒక రాత్రిలో దాదాపు అంతా వచ్చింది, మిగిలిన కొసరు కోసం రెండు రోజులు పట్టింది. ఈ పనంతా ఎవరి సాయమూ లేకుండా నేనొక్కదాన్నే చేశానని గర్వంగా చెప్పుకుంటున్నాను.

నాలుగు అధ్యాయాలూ చెక్కుచెదరకుండా వచ్చాయి. రికార్డింగులను ఒక్కొక్కటిగా వింటూ వచ్చాను. ఒకదానిలో మాత్రం ఒక మాట మధ్యలో అర సెకను నిశ్శబ్దం ఉంది. అక్కడ ఏ మాట ఉండాలో నా చేతిరాత పుస్తకంలో దొరికింది.