నీటి వాసన

2024 నవంబరులో తెమడ పరీక్ష చేస్తే నాకు ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం రావడం, రాత్రి చెమటకు దిండు గలీబు తడిసిపోవడం, వేసుకున్న బట్టలు వదులు కావడం అప్పటికి చాలా రోజులుగా ఉన్నవే. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన గోలీలు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులవి వాడాలని సర్కారు దవాఖానలో చెప్పారు. వాటిలో ఒక మందైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆశా కార్యకర్త ముందే చెప్పడంతో దానికి భయపడలేదు. క్షయ రోగుల తిండి కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద సర్కారు నెలనెలా ఇచ్చే సొమ్మును ఆ నెల నుంచే 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. నాకు అందింది గుడ్లకూ పప్పుకూ పోయింది.

గాలి బాగా ఆడుతుందని దేవరకొండ దగ్గర మా చిన్నాయన బత్తాయి తోటలోని గదికి మారాను. మా చర్చి సంఘంవాళ్లు మాస్కులు కట్టుకుని, దూరంగా కూర్చుని ప్రార్థన చేసి, బైబిల్లోంచి ఎక్కువగా రెండు వాక్యభాగాలు చదివేవారు. ఒకటి యెషయా 40వ అధ్యాయం: దేవుని కోసం ఎదురుచూసేవారు పక్షిరాజులా రెక్కలు చాపి పైకి ఎగురుతారన్న మాట. స్నానాల గది దాకా నడిస్తేనే ఆయాసం వచ్చే మనిషికి ఆ రెక్కలు మరీ ఎత్తున ఉంటాయి. అదే వచనం చివర ఉన్న "సొమ్మసిల్లక నడిచిపోవుదురు" అన్న మాటే నాకు అందేది. రెండవది యోబు 14వ అధ్యాయం: నరికిన చెట్టు "నీటి వాసన మాత్రముచేత" చిగురిస్తుందన్న మాట. చాలామంది దీన్ని ఓదార్పుగా చదివి అక్కడే ఆపేస్తారు గానీ, పదవ వచనానికి వచ్చేసరికి చెట్టుకున్న ఆ ఆశ మనిషికి లేదనే యోబు వాపోతాడు. రోగి దగ్గర ఆ మాట దాచాల్సిన పనిలేదు. అంతటి నిరాశను కూడా దేవుని ముందే నోరు తెరిచి చెప్పాడు కనుకనే యోబు నాకు దగ్గరయ్యాడు; నా ప్రార్థనలో మర్యాద కొంత తగ్గి, నిజం కొంత పెరిగింది.

డిసెంబరులో చిన్నాయన తోటకు నీళ్లు బంద్ చేశాడు. పూత రావాలంటే బత్తాయిని కొన్నాళ్లు బెట్టకు వదలాలి; చెల్కల్లాంటి తేలిక నేలల్లో తక్కువ రోజులు, బరువు నేలల్లో ఎక్కువ రోజులు. ఆకులు ముడుచుకుని పాలిపోయాయి, కొన్ని రాలిపోయాయి. సంక్రాంతి ప్రాంతంలో పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి, మొదటి తడి పలుచగా ఇచ్చాడు. మర్నాటి నుంచే నేను కొమ్మల కొసలు వెతుకుతుంటే ఆయన నవ్వి, "నీళ్లు ఇడువంగనే పూత వస్తదా బిడ్డా, ముందుగాల వేరు తాగాలె" అన్నాడు. కొన్ని వారాలకు లేత చిగుళ్ల నడుమ తెల్లని మొగ్గలు వచ్చి, తెల్లవారుజామున వాటి వాసన గదిలోకి వచ్చేది. నాకు ఆకలి తిరిగి పుట్టిందీ ఆ రోజుల్లోనే. మొదటి కీర్తనలోని చెట్టు "తన కాలమందు" ఫలమిస్తుందని ఉంది. కాలువ ఒడ్డున ఉన్నా దానికీ కాయని నెలలుంటాయని ఆ తోటలోనే నాకు తట్టింది.

జ్వరం తగ్గినంత మాత్రాన క్షయ పోదు. కొన్ని క్రిములు మందకొడిగా దాగి ఉంటాయి. మందు మధ్యలో ఆపితే అవి మందుకు లొంగకుండా తయారుకావచ్చు. అందుకే మిగిలిన నెలల్లో మార్కు 4వ అధ్యాయమే ఎక్కువ చదివాను. విత్తినవాడు నిద్రపోతూ లేస్తూ ఉండగా "వానికి తెలియని రీతిగా" విత్తనం పెరుగుతుంది. మొదట మొలక, తరువాత వెన్ను, ఆ తరువాతే ముదురు గింజ. రోజూ గోలీలు వేసుకుని ఒక అధ్యాయం చదివితే, ఆ రోజుకు ఏమీ జరిగినట్టే ఉండదు. దేవుని పని కనబడకపోతే జరగడం లేదేమోనన్న ఆందోళన మాత్రం నాలో మెల్లగా తగ్గింది.

మే నెలలో మందులు పూర్తయ్యాయి, తెమడలో క్రిములు లేవన్నారు. రెండేళ్ల వరకు ఆరు నెలలకొకసారి పరీక్షకు రమ్మన్నారు. ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే లూకా 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టును చదివాను. మూడేళ్లుగా కాయని ఆ చెట్టును నరికేయమంటాడు యజమాని. చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, "ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అని తోటమాలి బతిమాలుకుంటాడు. ఆ చెట్టు మరుసటి ఏడు కాసిందో లేదో యేసు చెప్పలేదు. సాక్ష్యమంటే ముగిసిన కథే కావాలనుకునే మన సంఘాల్లో ఇది కొందరికి వెలితిగానే తోచింది. నా తదుపరి పరీక్ష నవంబరులో ఉంది.