పులిహోర ఎవరికి?

మధ్యాహ్నం నుంచి ఒక మాట నన్ను వదలడం లేదు. మా పెద్దది ఫోనులో స్నేహితురాలితో, "వాడు రోజూ బస్టాండులో దానికి పులిహోర కలపతా ఉండాడు మే" అన్నది. అది వంటకు సంబంధించిన మాట కాదని ఆ గొంతులోనే తెలిసిపోయింది. ఫోను పెట్టేశాక అర్థమేమిటని అడిగితే, "నీకెందుకు మా, అయ్యన్నీ" అంటూ గదిలోకి వెళ్ళిపోయింది. చిన్నవాడు అక్క వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. మా ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు.

వీళ్ళిద్దరూ చిన్నతనంలో "అంటే ఏంది మా" అని అడిగిన ప్రతిదానికీ చేతిలో పని ఆపి జవాబు చెప్పినదాన్ని నేను. మైపాడులో తడి ఇసుకలో నిలబడి, అల వెనక్కి ఎందుకు పోతుందని అడిగితే, చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా కదలకుండా నాకు తెలిసినంత వివరించాను. అటువంటిది ఒక్క వాక్యం చెప్పడానికి ఈ పిల్లకు నోరు రాలేదు. అర్థం కాదులే అని ముందే తేల్చేయడం, తేల్చేసి నవ్వడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్నంత సేపూ ఇదే మనసులో తిరిగింది.

చివరకు మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఫోను చేసి అడిగాను. అబ్బాయి తియ్యగా మాట్లాడి అమ్మాయిని మెప్పించాలని చూడడాన్ని అలా అంటారని ఆమె మర్యాదగా చెప్పింది.

విన్న వెంటనే పులిహోర తరఫున నాకు కష్టం వేసింది. బుచ్చిరెడ్డిపాళెంలో మా అమ్మమ్మ పండగనాడు పాత మొలగొలుకుల బియ్యం పలుకుగా వండి, వెడల్పాటి తాంబాళంలో పరిచి, ఆ వేడి మీదే పసుపు, ఉప్పు, పచ్చి నువ్వుల నూనె, కరివేపాకు వేసేది. ఆవిరి తగ్గిందాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. తర్వాత ఉడికించిన చింతపండు గుజ్జు పోసి, వేళ్ళు విడదీసి, అడుగు నుంచి పైకి తిప్పుతూ మెతుకు విరగకుండా కలిపేది. శనగపప్పు, వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువతో పెట్టిన తిరగమోత ఆఖరున పడేది. ఒక మెతుకు చిదిగితే ముద్దవుతుందని, ముద్దయితే దేవుడికి పెట్టడానికి పనికిరాదని నా చేయి పట్టుకుని నేర్పింది. మరునాటికి కూడా ఆమె గోళ్ళ చివర పసుపు పోయేది కాదు. పులుపుకూ, అన్నమనే అర్థమున్న ఓగిరానికీ పుట్టిన ఆ పేరును, అరవంలో పుళియోదరై అనీ కన్నడంలో పుళియోగరె అనీ చుట్టుపక్కల వాళ్ళు కూడా గౌరవంగా పలికే ఆ పేరును, బస్టాండు కబుర్లకు వాడడమేమిటని అనిపించింది.

కానీ ఇంతదూరం రాసిన తర్వాత ఆ మాట పుట్టించిన వాళ్ళెవరో పులిహోర కలపడం బాగా చూసినవాళ్ళేననిపిస్తున్నది. తొందర పడకుండా, మెతుకు నలగకుండా, పులుపూ ఉప్పూ కారమూ చూసుకుంటూ ఓపికగా తిప్పడమే కదా ఆ అబ్బాయి కూడా మాటలతో చేస్తున్నాడు. మా రోజుల్లో కాకా పట్టడమనేవాళ్ళం. అది అరవం వాళ్ళకూ ఉన్న మాటే. నెల్లూరు ట్రంకు రోడ్డులో దాన్ని ఎవరూ ఎవరికీ విప్పి చెప్పలేదు, వింటూ వింటూ వచ్చేసింది. రైతుల నోటి మాటలను 1962లోనూ, చేనేత వారి మాటలను 1971లోనూ మాండలిక వృత్తిపదకోశాలుగా అచ్చు వేశారు. బస్టాండులో నిలబడే పిల్లల మాటలను కూడా అంత శ్రద్ధగానూ ఎవరైనా రాసిపెట్టాలని నా కోరిక.

అయినా ఇంకొకటి మిగిలిపోయింది. ఈ మాట మొత్తం కలిపేవాడి వైపు నుంచే ఉన్నది. తినడం ఇష్టం లేని పిల్లకు రోజూ ఎదురుపడి కలుపుతుంటే దాన్ని వెంటపడడమనాలి, వేధించడమనాలి. పులిహోర అనేసరికి అందరికీ నవ్వు వస్తుంది, నవ్వాక ఆ పిల్లకు అది కష్టంగా ఉందేమోనని ఎవరూ అడగరు. మా పెద్దది ఫోనులో ఆ మాట అన్నప్పుడు నవ్వలేదని ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. "రోజూ" అనే మాటను కాస్త గట్టిగా పలికింది కూడా.

అర్థం నాకు చెప్పనందుకు కోపం అలాగే ఉంది, దాన్ని పక్కన పెడతాను. ఆ పిల్ల ఎవరో, ఆమెకు ఆ మాటలు ఇష్టమో కాదో, ఇంట్లో చెప్పుకున్నదో లేదో రేపు పొద్దున జడ వేసేటప్పుడు అడుగుతాను. నీకెందుకు మా అంటే మాత్రం ఈసారి ఊరుకోను.