మళ్ళీ పోయింది కరెంటు

ఇవాళ మూడోసారి. రోహిణి కార్తె ఎండలు, ఊరంతా ఏసీలు వేసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఏం చేస్తుందిరా అని నాన్న దాన్నే వెనకేసుకొస్తాడు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కానీ నా మీటింగ్ మధ్యలో ఆగింది, రూటర్ పెట్టిన ప్లగ్గుకి ఇన్వర్టర్ లైన్ లేదు మరి. ఇల్లు కట్టినప్పుడు వైఫై సంగతి ఎవడనుకున్నాడు.

సాయంత్రం బ్యాటరీల షాపుకెళ్తే కుర్రాడు లిథియం ఇన్వర్టర్ చూపించాడు, నీళ్ళు పొయ్యక్కర్లేదు సార్ అన్నాడు. రేటు విని బయటికొచ్చి గోలీసోడా తాగా. తాగుతూ లెక్కేసుకున్నా, ఇంట్లో ఉన్నది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ బ్యాటరీ, 12 వోల్టులు, అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు, ముసలిది కాబట్టి సగమే అనుకున్నా 900. రూటరు, ఫైబర్ డబ్బా కలిపి ఇరవై వాట్లు ఉంటే గొప్ప, సీలింగ్ ఫ్యానే 75 లాగుద్ది. మరి కొత్తదెందుకు?

ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని పిలిస్తే పావుగంటలో లైన్ లాగి ఇచ్చాడు. మెయిన్ ఆపి చూశాం, రూటర్ ఆగలేదు గానీ డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయింది. ఆయన ఇన్వర్టర్‌ని ముందుకి జరిపి, బూజు దులిపి, వెనకాల చిటికెన వేలంత స్విచ్ చూపించాడు. "కొన్నప్పట్నించీ ఇకో మోడ్‌లోనే ఉందయ్యా, అందులో బ్యాటరీకి మారడం కాస్త ఆలస్యం" అని, చటుక్కున మారే యూపీఎస్ మోడ్ వైపు నొక్కాడు. మళ్ళీ మెయిన్ ఆపితే స్క్రీన్ రెప్ప కూడా వెయ్యలేదు. కాకపోతే ఈ మోడ్‌లో వోల్టేజి కాస్త పడినా బ్యాటరీ మీదకి దూకేస్తుందట, మా వీధిలో రాత్రి ఏడు దాటితే లో వోల్టేజే, చూడాలి.

బ్యాటరీ మూతల మీద బుడిపెలన్నీ ఎరుపులోకి దిగిపోయున్నాయి, డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్ళైందో గుర్తే లేదు, బాబాయ్ చూసిన చూపుకి తలొంచుకున్నా. పనిలో పనిగా ఫ్రిజ్ కూడా కలిపెయ్ అంది అమ్మ. కంప్రెసర్ స్టార్ట్ అయ్యేప్పుడు ఒక్కసారిగా లాగేస్తుందమ్మా, ఇది తట్టుకోదు అన్నాడు.

ఎనిమిదింటికి మళ్ళీ పోయింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే రూటర్ లైట్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి, నెట్ మాత్రం లేదు. కేబుల్ అతనికి ఫోన్ చేస్తే వీధి చివర డబ్బాకి కరెంటు లేదన్నా అన్నాడు.

నాన్న ఒకటే నవ్వు.