కోచ్‌పై వేటు పడితే రంగు పాత్ర ఎంతో తేల్చడం ఎలా

ఏప్రిల్ రెండో వారంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్ ముగుస్తుంది. అక్కడి ఆదివారం సాయంత్రం అంటే మన విశాఖలో సోమవారం తెల్లవారుజాము. బీచ్ రోడ్డులో నడక ముగించుకుని టీ కొట్టు దగ్గరికి చేరేసరికి ఎవరో ఒక కోచ్‌కి ఉద్వాసన పలికిన వార్త ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. ఇక వాదన మొదలు. నల్లజాతివాడు కాబట్టే తీసేశారని ఒకరు, గెలవలేదు తీసేశారు అంతేనని ఇంకొకరు. ఇద్దరూ చూపించేది ఒక్క పేరే. ఒక్క పేరుతో ఈ ప్రశ్న తేలదు.

అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 1966లో బిల్ రసెల్ బోస్టన్ సెల్టిక్స్‌కి కోచ్ అయ్యేదాకా ఎన్‌బీఏలో నల్లజాతి హెడ్ కోచే లేడు. ఆయన ఆడుతూనే కోచింగ్ చేసి 1968, 1969లో టైటిళ్లు తెచ్చాడు. ఆటగాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, యజమానుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు అన్నది ఇప్పటికీ మారలేదు. దానికి తోడు 2006 నుంచి 2009 వరకు 'కోచ్ ఆఫ్ ది ఇయర్' అందుకున్న నలుగురూ నల్లజాతివాళ్లే: ఏవరీ జాన్సన్, శామ్ మిచెల్, బైరన్ స్కాట్, మైక్ బ్రౌన్. 2010 మే ముగిసేసరికి నలుగురి ఉద్యోగాలూ పోయాయి. జాన్సన్ జట్టు 2007లో 67 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ (సీజన్ తరువాతి నాకౌట్ సిరీస్‌లు) తొలి రౌండ్లోనే ఎనిమిదో సీడు, అంటే అర్హత పొందినవాటిలో అట్టడుగు జట్టు చేతిలో ఓడింది, ఆ మరుసటి ఏడాది ఆయన్ని పంపేశారు. ఈ నాలుగు పేర్లు వరసగా చదివినవాళ్లకి అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

అయితే అనుమానాన్ని పరీక్షించాలంటే జతలు కట్టాలి. ఒకే రకం సీజన్, ఒకే రకం ముగింపు, కోచ్ రంగు మాత్రం వేరు. డ్వేన్ కేసీ, జార్జ్ కార్ల్ ఇందుకు బాగా కుదిరే జత. 2017-18లో కేసీ చేతిలోని టొరంటో 59 గెలిచి 23 ఓడింది, ఈస్ట్‌లో (లీగ్‌లోని రెండు విభాగాలు ఈస్ట్, వెస్ట్) మొదటి స్థానం. రెండో రౌండ్లో క్లీవ్‌లాండ్ 4-0తో ఊడ్చేసింది. మొదటి మ్యాచ్ అదనపు సమయంలో ఒక్క పాయింటు తేడాతో పోయింది. మూడోది 103-103 దగ్గర ఉండగా క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ పరిగెత్తుతూ బోర్డుకి కొట్టిన బంతితో సమయం అయిపోయే క్షణంలో పోయింది. సిరీస్ మే 7న ముగిసింది, మే 11న కేసీని తీసేశారు. జూన్‌లో ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు ఆయనకే ఇచ్చారు. ఇది వినగానే కడుపు మండుతుంది. కానీ 2013లో డెన్వర్‌లో కార్ల్‌కి జరిగింది చూడండి. 57 గెలుపులు, 25 ఓటములు, తొలి రౌండ్లో ఓటమి, ఉత్తమ కోచ్ అవార్డు, జూన్‌లో ఉద్వాసన. కార్ల్ తెల్లవాడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2016 జనవరిలో 30-11 (30 గెలుపులు, 11 ఓటములు) దగ్గర క్లీవ్‌లాండ్ డేవిడ్ బ్లాట్‌ని తీసేసింది. 2024 జనవరిలో 30-13 దగ్గర మిల్వాకీ ఏడ్రియన్ గ్రిఫిన్‌ని తీసేసింది. బ్లాట్ తెల్లవాడు, గ్రిఫిన్ నల్లవాడు. రెండుచోట్లా తరువాత వచ్చింది నల్లజాతి కోచే. నియామకాల్లోనూ అంతే. 2020లో ఏ కోచింగ్ అనుభవమూ లేని స్టీవ్ నాష్‌కి బ్రూక్లిన్ పగ్గాలు ఇచ్చినప్పుడు, తెల్లవాడు కాబట్టే వరస దాటించారని విమర్శలు వచ్చాయి. అదే బ్రూక్లిన్ 2013లో, ఆట మానేసిన కొద్ది రోజులకే, జేసన్ కిడ్‌ని కోచ్‌గా తీసుకుంది. కిడ్ తండ్రి నల్లజాతివాడు. నాష్ విషయంలో వచ్చిన కోపం అబద్ధం అనడం లేదు, దాని పక్కన కిడ్ పేరు కూడా పెట్టి చూడాలంటున్నాను. గెలిచే జట్ల మీద పడే వేటులో రంగు ప్రభావం నాకు గట్టిగా కనబడదు. పదిహేను మంది ఆటగాళ్లను ఒక్కసారి మార్చలేరు కాబట్టి ఒక్క కోచ్‌ని మారుస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

సగటు లెక్కలు ఇంకోలా మాట్లాడతాయి. పదేళ్ల రికార్డు తిరగేసి 2005లో న్యూయార్క్ టైమ్స్ రాసిన దాని ప్రకారం నల్లజాతి కోచ్‌లు ఒక ఉద్యోగంలో సగటున 1.6 సీజన్లు ఉంటే, తెల్లవాళ్లు 2.4 సీజన్లు ఉన్నారు. మరుసటి ఏడాది ఆర్థికవేత్త లారెన్స్ కాన్ జట్టు బలాన్ని, కోచ్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే గణాంకపరంగా నిలబడేంత తేడా దొరకలేదు. రెండూ ఎలా నిజమవుతాయి? సగటుని ఇద్దరు ముగ్గురు లాగేస్తారు. జెర్రీ స్లోన్ యూటాలో 1988 నుంచి 2011 దాకా ఉన్నాడు, గ్రెగ్ పోపోవిచ్ శాన్ ఆంటోనియోలో 1996లో మొదలుపెట్టి 2025 దాకా ఉన్నాడు. పైగా ఇంకా ఉద్యోగంలో ఉన్నవాడి కాలాన్ని ఈ రోజుతో కత్తిరించి సగటులో కలిపితే, కొత్తగా చేరినవాళ్లు ఎక్కువున్న వర్గానికి సగటు పడిపోతుంది. అందుకే మధ్యస్థం, అంటే వరసలో పేర్చితే సరిగ్గా నడుమ వచ్చే అంకె చూడాలి, నడుస్తున్న ఉద్యోగాలను వేరే గుర్తుతో ఉంచాలి.

సొంతంగా లెక్క వేయాలనుకునేవాళ్లు ఎక్సెల్‌లో కోచ్‌కి, సీజన్‌కి ఒక వరస చొప్పున పెట్టండి. గెలుపులు, ప్లేఆఫ్స్ ఫలితం, కోచ్ చేరేముందు ఏడాది జట్టు గెలుపులు, ఒప్పందంలో మిగిలిన ఏళ్లు, అదే ఏడాది జనరల్ మేనేజర్ గానీ యజమాని గానీ మారారా. వీటికన్నా ముఖ్యమైన గడి, రావాల్సిన గెలుపులు. జట్టు సగటున వేసిన పాయింట్లను 14వ ఘాతానికి పెంచి, దాన్ని అదీ, ఇచ్చిన పాయింట్ల 14వ ఘాతమూ కలిపిన మొత్తంతో భాగించి, సీజన్ మ్యాచ్‌ల సంఖ్య 82తో గుణించాలి. 112 వేసి 108 ఇచ్చిన జట్టుకి 51 వస్తుంది. ఆ జట్టు నిజంగా 45 గెలిచిందంటే దగ్గరి మ్యాచ్‌ల్లో అదృష్టం కలిసిరాలేదన్నమాట, అలాంటి ఏడాది తీసేస్తే ఆ కోచ్‌కి అన్యాయం జరిగినట్టే. రంగు గడిని అన్నిటికన్నా చివర నింపండి. ముందే నింపితే మిగతావి నింపేటప్పుడు చెయ్యి అటే మొగ్గుతుంది.

తప్పులు జరిగేది 'ఎలా పోయాడు' అన్న గడిలో. 2013లో మెంఫిస్ 56 గెలిచి వెస్ట్ ఫైనల్ దాకా వెళ్లింది, అయినా లయనెల్ హాలిన్స్ ఒప్పందాన్ని పొడిగించలేదు. కాగితం మీద అది ఉద్వాసన కాదు, లెక్కలో వేటుగానే రాయాలి. ప్రకటనల్లో తరచూ కనబడే 'పరస్పర అంగీకారం' కూడా అంతే. ఇక రంగు గడి రెండే ముక్కలుగా ఉంటే చాలదు. ఎరిక్ స్పోల్‌స్ట్రా తల్లి ఫిలిప్పీన్స్ ఆవిడ, జో మజూలా తల్లి నల్లజాతి, తండ్రి ఇటాలియన్ మూలాలవాడు. డబ్బు గడి కూడా వదలకండి. డెట్రాయిట్ 2023లో మాంటీ విలియమ్స్‌తో ఆరేళ్లకు 7.85 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, 14-68తో ముగిసిన ఒక్క సీజన్ తరువాత పంపేసింది. మిగిలిన ఏళ్ల డబ్బు ఇవ్వాలని తెలిసీ పంపిందంటే, తక్కువ జీతం కోచ్‌ని పంపడంతో దాన్ని ఒకే గాటన కట్టలేం.

నాకు అసలు బెంగ అంకెల్లో లేదు, మాటల్లో ఉంది. నల్లజాతి కోచ్ గెలిస్తే 'ఆటగాళ్లతో కలిసిపోతాడు, ఉత్సాహపరుస్తాడు' అంటారు. తెల్లవాడు గెలిస్తే 'వ్యూహకర్త' అంటారు. వేటు పడ్డాక మొదటివాడికి ఆ కలుపుగోలుతనమే 'పట్టు లేదు' అన్న నేరం అవుతుంది. రెండో ఉద్యోగం ఇచ్చేవాళ్లు గుర్తుంచుకునేది ఈ మాటల్నే. పైగా తరువాత వచ్చినవాడి విజయంతో ముందువాడిని తూచేస్తారు. 2014లో గోల్డెన్ స్టేట్‌తో 51 గెలిచిన మార్క్ జాక్సన్‌ని తీసేశాక అదే జట్టుతో స్టీవ్ కర్ 67 గెలిచి టైటిల్ కొట్టాడు, జాక్సన్‌కి మళ్లీ హెడ్ కోచ్ ఉద్యోగం రాలేదు. కేసీ తరువాత నిక్ నర్స్ 2019లో టైటిల్ గెలిచాడు, కానీ మధ్యలో స్టార్ ఆటగాడు కవాయ్ లియోనార్డ్ టొరంటోకి వచ్చిన సంగతి ఆ తూకంలో పడదు. మన దగ్గరా జట్టు కోచ్ మారగానే ముందు అడిగేది 'ఎవరి మనిషి' అనే కదా. అలా అడిగే అలవాటున్న మనకి ఈ మాటల బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాటలనీ లెక్కించవచ్చు. పది ఉద్వాసనలు తీసుకుని, ఆ వారంలో వచ్చిన వార్తల నుంచి కోచ్ పేరు, జట్టు పేరు కొట్టేయండి. వేర్వేరుగా కూర్చున్న ఇద్దరి చేత ప్రతి విశేషణాన్నీ 'బుర్ర', 'మనసు', 'క్రమశిక్షణ' అన్న మూడు డబ్బాల్లో వేయించండి. ఇద్దరికీ కుదరని మాటల్ని మూడో మనిషికి ఇవ్వండి. 'కొత్త గొంతు కావాలి' లాంటివి ఏ డబ్బాలోనూ వేయకండి, ఆ మాట ఎవరిని తీసేసినా రాస్తారు. పేర్లు తిరిగి అతికించేది అన్నీ పూర్తయ్యాకే. కొత్త కోచ్ పేరు ప్రకటించకముందే ఈ పని ముగించాలి, ఆ పేరు వినబడ్డాక పాత మాటలు కూడా వేరేగా చదువుకుంటాం.