మా అత్త మెడ, నా మెడ

అంబాజీపేటలో మా పెరటి నూతి దగ్గర, ఆదివారం తలంటి పోసేటప్పుడు అమ్మ కొబ్బరి పీచు పెట్టి నా మెడ తోమేది. "ఎంత తోమినా వదలదేంటే ఈ మట్టి" అనేది. చర్మం కందిపోయేది గానీ నలుపు మాత్రం పోయేది కాదు. ముట్టుకుంటే మఖమలు గుడ్డలా ఉండేది. అప్పుడు నాకు పదమూడేళ్లు.

మా మేనత్త మెడా అంతే. ఆవిడకి గడ్డం మీద వెంట్రుకలు కూడా వచ్చేవి. తెల్లారకముందే లేచి, కిటికీకి చిన్న అద్దం ఆనించుకుని, ముళ్లు తీసే చిమటాతో ఒక్కొక్కటే పీక్కునేది. మేం లేచేసరికి మొహానికి పసుపు రాసుకుని పొయ్యి దగ్గర ఉండేది. పిల్లలు లేరని అత్తారింట్లో మాటలు పడలేక పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఊళ్లో సీమంతాలకు ఆవిడని పిలిచేవాళ్లు కాదు.

కిందటేడు మూడు నెలలు డేట్ రాకపోతే అమలాపురంలో స్కాన్ చేయించుకున్నాను. డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పారు. అండాశయం అంచు చుట్టూ నల్లటి చుక్కలు, దండ గుచ్చినట్టు. "అందరూ నీటి బుడగలంటారు, కాదమ్మా. ఇవి అండం ఉండే ఫాలికల్స్. ఎదగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాయి" అన్నారు. బుడగలు కరగాలని అప్పటికే రెండు నెలలు కషాయం తాగి ఉన్నాను.

"దీన్ని పీసీఓఎస్ అంటారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు. అమ్మకి లేదు, అక్కకి లేదు అన్నాను. "నాన్నగారి వైపో?"

అప్పుడు అత్త గుర్తొచ్చింది. నాన్నకి ముప్ఫై ఎనిమిదో ఏటే షుగర్ వచ్చిన సంగతీ గుర్తొచ్చింది.

డాక్టరమ్మ చెప్పింది నాకు మా కాలవలాగే అర్థమైంది. శివారు చేలకి నీళ్లు అందడం లేదని లాకుల దగ్గర ఇంకా వదులుతారు. శివారు తడవదు, ఎగువ చేలు మునుగుతాయి. కండరాలు ఇన్సులిన్ మాట సరిగ్గా వినకపోతే ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ వరద చర్మం మీద పడితే మెడ నల్లబడుతుంది. అండాశయం మీద పడితే, మెదడు నుంచి అప్పటికే ఎక్కువగా వస్తున్న హార్మోన్ ఎల్‌హెచ్‌తో కలిసి మగ హార్మోన్లను పెంచుతుంది. పైగా మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌ని రక్తంలో పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. దాంతో ఆ హార్మోన్ రక్తంలో విడిగా ఎక్కువ తిరుగుతుంది. గడ్డం మీద వెంట్రుకలు అలా వస్తాయి. అండం విడుదల కాదు, నెలసరి తప్పుతుంది.

లావుగా ఉంటేనే వస్తుందనే మాట దయచేసి మానండి. మా అత్త వెదురుబద్దలా ఉండేది.

ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. డీఈఎన్ఎన్‌డీ1ఏ, థాడా లాంటివి చాలా కలిసి పనిచేస్తాయి. నెదర్లాండ్స్‌లో కవలల మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది, ఇందులో వంశపారంపర్యం వాటా దాదాపు 70 శాతం అని లెక్క తేల్చింది. ఆ జన్యువులు నాన్నల నుంచీ వస్తాయి. మగవాళ్లకి అండాశయాలు ఉండవు కాబట్టి ఈ రూపంలో బయటపడదు, అంతే. మా ఇంట్లో మాత్రం తప్పంతా అత్త కడుపుదే అన్నారు.

షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్లలో ఈ జబ్బుని గుర్తించి రాసింది 1935లో. అత్త పుట్టింది 1958లో.

రిపోర్టు పట్టుకెళ్లి ఆవిడకి అంతా చెప్పాను. కొబ్బరి కోరుతూ వింది. "అప్పట్లో మందుండేదా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. అండం విడుదలకి క్లోమిఫిన్ మాత్ర అమెరికాలో 1967లోనే వచ్చింది. "ఉండేదత్తా" అన్నాను.

కోరుతున్న చిప్ప కింద పెట్టింది. నా జడ పక్కకి తీసి మెడ చూసింది, వేలితో ఒకసారి రాసింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య కూతురి మెడ కూడా ఇలాగే ఉంది. మీ వదిన రోజూ తోముతోంది. వెళ్లి చెప్పు."