మే నెలలో రక్తం ఇచ్చేవాళ్ళు

విశాఖలో ఏదైనా పెద్ద ఆపద వస్తే జనం ఎలా కదులుతారో మనం కళ్ళారా చూశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక రోడ్ల మీద పడిన చెట్లు తియ్యడానికి జీవీఎంసీ (నగర కార్పొరేషన్) వాళ్ళు వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు. ఎవరింట్లో కత్తి ఉంటే వాళ్ళు, గొడ్డలి ఉంటే వాళ్ళు వీధిలోకి దిగిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు తలుపులు బద్దలుకొట్టి, స్పృహ తప్పి పడున్నవాళ్ళని భుజాన వేసుకుని బయటికి తెచ్చిన పోలీసులు, కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇవాళ నేను రాయాలనుకున్నది మాత్రం ఇంకోరకం మనుషుల గురించి. ఏ తుపానూ లేదు, టీవీలో ఏ బ్రేకింగ్ న్యూసూ లేదు, మామూలు మంగళవారం, పైన ఎండ మాడ్చేస్తోంది, ఆ ఎండలో బండి తీసుకుని బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి, చెయ్యి చాపి పడుకుని, ఇచ్చిన బిస్కెట్ తిని, తన పనికి తను వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రక్తం ఎవరికి ఎక్కుతుందో వాళ్ళకి తెలియదు, ఎక్కించుకున్నవాళ్ళకి వీళ్ళెవరో తెలియదు. ఈ ఊళ్ళో ఇంతకంటే గొప్ప పని చేస్తున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారంటే నేను నమ్మను.

మే నెల అని ఎందుకంటున్నానంటే, మన దగ్గర క్యాంపుల్లో వచ్చే రక్తంలో బోలెడంత కాలేజీ పిల్లలు ఇచ్చేదే. మార్చిలో పరీక్షలు మొదలవుతాయి, ఆ తర్వాత సెలవులు, హాస్టళ్ళు ఖాళీ, క్యాంపులు బంద్. మిగతావాళ్ళు ఎండ అంటారు, పెళ్ళిళ్ళు అంటారు, తిరుపతి ప్రయాణం అంటారు. పేషెంట్లు మాత్రం తగ్గరు కదా. యాక్సిడెంట్లు ఆగవు, కాన్పులు ఆగవు, క్యాన్సర్ మందులు పడుతున్నవాళ్ళకి ప్లేట్‌లెట్లు పడిపోవడం ఆగదు.

పోనీ చలికాలంలో ఎక్కువ పోగేసి ఎండాకాలానికి దాచుకుందామా అంటే కుదరదు. మనం ఇచ్చిన రక్తాన్ని మెషీన్‌లో తిప్పి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా విడివిడిగా తీస్తారు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 35 నుంచి 42 రోజులు, అంతే. ప్లేట్‌లెట్లయితే మరీ అన్యాయం, వాటిని గది చల్లదనంలో ఆగకుండా ఊపుతూ ఉంచినా 5 రోజులే. ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం ఒక్కటే మంచుగడ్డలా గట్టిపరిచి ఏడాది దాకా ఉంచుకోవచ్చు. డిసెంబరులో పుట్టినరోజుకి ఇచ్చినవాడి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు మేలో ఎవరికీ పనికిరావన్నమాట. మేలో కావాలంటే మేలో ఎవరో ఒకరు వచ్చి ఇవ్వాల్సిందే.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) మా బంధువుల పని మీద తిరిగిన రోజుల్లో అర్థమైంది. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు, అటు ఒడిశాలో కోరాపుట్, రాయగడ దాకా ఎక్కడ కేసు కష్టమైనా చివరికి ఇక్కడికే పంపుతారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో రిపోర్టుల కవరు పట్టుకుని కేజీహెచ్ డౌన్‌కి దారి అడిగే మొహాలు మీరూ చూసే ఉంటారు. అలాంటివాళ్ళని రెండు యూనిట్లు (రెండు సంచుల రక్తం) కావాలి, మీవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే ఏం చెబుతారు? వాళ్ళకి ఈ ఊళ్ళో ఆ చేతిసంచి తప్ప ఎవరున్నారు? ఒకప్పుడు డబ్బు తీసుకుని రక్తం ఇచ్చేవాళ్ళుండేవారు. అది రోగికీ ప్రమాదం, అమ్ముకునేవాడికీ ప్రమాదం, అందుకే 1996లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి ఆపేయమని తీర్పిచ్చింది, 1998 జనవరి 1 నుంచి అది పూర్తిగా నిషేధం. చాలా మంచి తీర్పు. కానీ ఆ ఖాళీ నింపాల్సింది మనమే.

అక్కడే ఒక తల్లితో మాట కలిసింది. విజయనగరం అవతల పల్లెటూరు, కూలి పని. కొడుక్కి తలసీమియా. ఈ జబ్బున్న పిల్లలకి ఒంట్లో ఎర్రకణాలు సరిగ్గా తయారు కావు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒక నెలో ఒక ఏడో కాదు, బతికున్నన్నాళ్ళూ. ఎక్కించిన రక్తంతోపాటు ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, దాన్ని బయటికి పంపడానికి మళ్ళీ రోజూ మందులు. ఆ అబ్బాయి బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి, గోళ్ళు కాగితంలా ఉన్నాయి, పక్కన బొమ్మ బస్సు ఉన్నా ముట్టుకోవట్లేదు. "రకతం ఎక్కితే మా గుంటడు మల్లీ అల్లరి సేత్తాడు బాబూ, ఇంటికెల్లాక నాను పట్టలేను" అంది ఆమె. ఆ మాటలో విసుగు లేదు, ఆ అల్లరి కోసమే ఎదురు చూస్తోంది. ఆ రోజు బ్లడ్ బ్యాంకులో వాళ్ళకి సరిపడా యూనిట్ ఉంది, దొరికింది. అంటే అంతకు కొన్ని రోజుల ముందే ఎవరో వచ్చి ఇచ్చి వెళ్ళారన్నమాట. అర్జెంటని ఎవరూ ఫోన్ చేయకముందే, ఆ తల్లి ఇంకా బస్సెక్కకముందే ఇచ్చారు. నేను గొప్ప పని అంటున్నది దీన్నే.

(పెళ్ళి సంబంధాలు చూసుకునేవాళ్ళకి ఒక మాట. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ జబ్బుకి క్యారియర్లయితే, అంటే తమకి జబ్బు లేకపోయినా పిల్లలకి అందించగలవాళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. క్యారియర్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు, రక్తపరీక్షలో తప్ప తెలియదు. జాతకాలు ఎలాగూ చూస్తాం, ఈ పరీక్ష కూడా ఒకటి చేయించుకుంటే ఏం పోతుంది?)

మా వీధి చివర జెరాక్స్ షాపు బాబాయ్ గురించి రాయకపోతే ఈ పోస్టే అనవసరం. పేరు పెట్టొద్దన్నారు, పెట్టట్లేదు. షాపులో గల్లాపెట్టె కింద ఒక పొడుగు నోట్‌బుక్ ఉంటుంది. ఒక్కో బ్లడ్ గ్రూపుకి కొన్ని పేజీలు. పేరు, ఫోన్ నంబరు, ఏ ఏరియా అన్నది పెన్నుతో రాసుకుంటారు, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ మాత్రం పెన్సిల్‌తో. ఇచ్చిన ప్రతిసారీ పాతది చెరిపి కొత్తది రాయాలి కదా. కొన్ని పేర్ల దగ్గర ఆ పెన్సిల్ గడి చెరిపి చెరిపి కాగితం నూగు లేచి ఉంటుంది, ఒకరి దగ్గరైతే చిరిగిపోయి సెలోఫేన్ టేపు వేసి ఉంది. మగవాళ్ళయితే 90 రోజులు, ఆడవాళ్ళయితే 120 రోజులు గడవనిదే మళ్ళీ ఇవ్వకూడదని రూలు. తేదీ లెక్క చూడకుండా ఆయన ఎవరికీ ఫోన్ చెయ్యరు.

ఎవరైనా రక్తం కావాలని ఫోన్ చేస్తే ఆయన వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టెయ్యరు. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, పేషెంట్ ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) ఎంత, ఎన్ని యూనిట్లు, పక్కన ఎవరున్నారు అని నింపాదిగా అడుగుతారు. తర్వాత బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి అక్కడ స్టాకుందేమో కనుక్కుంటారు. చాలాసార్లు ఉంటుంది కూడా, అక్కడితో సగం కేసులు తేలిపోతాయి. లేదంటేనే నోట్‌బుక్ తెరుస్తారు. గాజువాక పేషెంటుకి మధురవాడ నుంచి మనిషిని రప్పించరు, దగ్గర్లో ఉన్నవాళ్ళనే చూస్తారు. ఒప్పుకున్నాకే తప్ప ముందుగా ఎవరి నంబరూ పేషెంట్ తరఫువాళ్ళకి ఇవ్వరు. పెట్రోలు డబ్బులు తీసుకోకూడదు, పేషెంట్ మంచం పక్కన ఫోటో దిగకూడదు, ఈ రెండూ ఆయన దగ్గర గట్టి షరతులు. సాయంత్రం షాపు కట్టే ముందు ఆ రోజు రక్తం ఇచ్చినవాడికి తప్పకుండా ఫోన్ వెళ్తుంది. "ఏరా, కళ్ళు గానీ తిరిగాయా? నీళ్ళు బాగా తాగు, రేపటిదాకా జిమ్ముకెళ్ళకు" అని.

ఆయన వయసు 65 దాటింది. మన దేశంలో రక్తం ఇవ్వడానికి 18 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉండాలి, కాబట్టి ఆయన ఇక ఇవ్వలేరు. నేను ఇవ్వలేను, నా వల్ల ఏమవుతుంది అనుకునేవాళ్ళు ఆ నోట్‌బుక్ ఒక్కసారి చూడాలి.

భయం సంగతికొద్దాం. సూదంటే భయం చాలామందికి ఉంటుంది, అది తప్పేం కాదు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అని ఒకాయన, 14 ఏళ్ళప్పుడు పెద్ద ఛాతీ ఆపరేషనై ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికాడు. పద్దెనిమిది నిండగానే 1954లో ఇవ్వడం మొదలుపెట్టి, 2018లో 81 ఏళ్ళ వయసు వచ్చేదాకా 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చాడు. ఆయన ప్లాస్మాలో ఉన్న ప్రత్యేకమైన యాంటీబాడీతో తయారైన మందు, తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తం, కడుపులో బిడ్డది పాజిటివ్ అయినప్పుడు బిడ్డకి ప్రమాదం రాకుండా కాపాడుతుంది. అలా ఇరవై లక్షలకు పైగా పసివాళ్ళకి మేలు జరిగిందని లెక్కగట్టారు. 2025 ఫిబ్రవరిలో పోయాడాయన. అన్నిసార్లు ఇచ్చిన ఆ మనిషికి కూడా సూదంటే భయమే, గుచ్చేటప్పుడు ఒక్కసారి కూడా చేతివైపు చూడలేదట! కాబట్టి భయమున్నా ఫర్వాలేదు, అటు తిరిగి కూర్చోండి.

ఇంకోటి, నీరసం వస్తుందన్న మాట. మా అమ్మమ్మ ఇప్పటికీ అదే అంటుంది. మన ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటే తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటినవాళ్ళ దగ్గర 450. అందులో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అయిపోతుంది, కణాలకి కొన్ని వారాలు పడుతుంది, అందుకే ఆ 90 రోజుల గడువు. పైగా అడిగినవాళ్ళందరి దగ్గరా తీసేసుకోరు. బరువు 45 కిలోలైనా ఉండాలి, బీపీ చూస్తారు, వేలు గుచ్చి హిమోగ్లోబిన్ 12.5 ఉందో లేదో చూస్తారు. నీలం రంగు మైలుతుత్తం నీళ్ళల్లో మన రక్తపు చుక్క వేసి, అది నిటారుగా మునిగితే సరే, తేలిందంటే ఇంటికి పొమ్మంటారు. మన ఆడవాళ్ళు ఎంతమంది ఇద్దామని ముచ్చటపడి వచ్చి ఈ దగ్గర ఆగిపోతారో చూస్తే బాధేస్తుంది. అలా వెనక్కి వస్తే దయచేసి ఊరుకోకండి. డాక్టరుకి చూపించుకోండి, రక్తం తక్కువన్న సంగతి అలాగైనా బయటపడింది కదా.

నెగెటివ్ గ్రూపువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మనవి. మన దేశంలో నూటికి ఐదుగురు దాకానే ఉంటారు మీరు. మీరు వచ్చి ఊరికే ఇచ్చేసేకంటే ఏదో ఒక బ్లడ్ బ్యాంకులోనో మా బాబాయ్ లాంటి వాళ్ళ దగ్గరో పేరు రాయించుకుని, పిలిచినప్పుడు వెళ్ళడం కొన్నిసార్లు ఎక్కువ ఉపయోగం. వాళ్ళనే అడగండి, ఎప్పుడు రమ్మంటారో చెబుతారు.

వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ల గురించి చెప్పి ఆపేస్తాను. "అర్జెంట్, ఓ నెగెటివ్, ప్లీజ్ షేర్" అని వస్తుంది. తేదీ ఉండదు. ఆ పేషెంట్ ఎప్పుడో డిశ్చార్జి అయి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు, పాపం ఆ నంబరుకి మాత్రం ఏడాది తర్వాత కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఫార్వర్డ్ చేసే ముందు ఆ నంబరుకి ఒక్క కాల్ చేయండి. అవసరం ఉందంటే ఇవాళ్టి తేదీ, ఆసుపత్రి పేరు వేసి పంపండి. తీరిపోతే, తీరిపోయిందని అదే గ్రూపులో పెట్టండి. ఫార్వర్డ్ చేసేశాం కదా అని మనసు తేలికైపోతుంది చూశారా, అది నాకు నచ్చదు. మీ బ్లడ్ గ్రూపు కూడా సరిపోయేదైతే మీరే వెళ్ళొచ్చు కదా!

వచ్చే ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో క్యాంపు పెడుతున్నాం. ఎండ ముదరకముందే అయిపోవాలని ఉదయం 7 గంటలకే మొదలు. ఖాళీ కడుపుతో రావద్దు, టిఫిన్ తినేసి, రాత్రి సరిగ్గా నిద్రపోయి రండి. ఏదైనా యాంటీబయాటిక్ వాడుతున్నా, ఈ ఏడాదిలో టాటూ వేయించుకున్నా అక్కడి డాక్టరుకి దాచకుండా చెప్పండి. చల్లటి మజ్జిగ బాధ్యత నాది, పేర్లు రాసుకునే బల్ల దగ్గర బాబాయ్ తన నోట్‌బుక్‌తో కూర్చుంటారు.