గుండీలు కుట్టని స్వెట్టరు

నార్వేలో ఒక ఇంట బిడ్డ పుట్టబోతున్నదని తెలియగానే అక్కడి అమ్మమ్మలూ నానమ్మలూ ఊలు కొనడానికి బయలుదేరుతారు. ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చే రోజున తొడగడానికి టోపీ, స్వెట్టరు, పంట్లాం, మేజోళ్లు ముందుగానే అల్లి సిద్ధంగా ఉంచుతారు. ఈ బట్టలకు ‘హెంటెసెట్’ అని ఒక పేరు కూడా ఉన్నది. బిడ్డను తోడ్కొని వచ్చేటప్పుడు వేసేవని దాని అర్థం. ట్రోన్‌హైమ్‌లో కాపురం పెట్టిన మూడో ఏట నేను గర్భవతినైనప్పుడు, పక్కింటి పెద్దావిడ లేత పసుపు ఊలుతో నిండిన సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టి, మీ అమ్మగారు దూరాన ఉన్నారు కనుక నేర్పే పూచీ తనదని చెప్పింది. ఆ రాత్రే ఫోనులో సంగతి విన్న మా అమ్మ, “పుట్టని బిడ్డకు కొత్త బట్టలేమిటే? ముందు ఆ సంచి అటక మీద పడెయ్” అన్నది.

మన వైపు చాలా ఇళ్లలో ఈ పట్టింపు ఉన్నదే. పురుడు రాకముందు ఉయ్యాల కొనరు, బట్టలు కుట్టించరు. పుట్టిన బిడ్డను ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కలో చుట్టి, కొత్త బట్టను బారసాల దాకా ఆపుతారు. పురిటి బిడ్డలు దక్కడమే గగనమైన రోజుల్లో, ఆశను అదుపులో పెట్టుకోవడానికి పెద్దలు చేసుకున్న ఏర్పాటేమో అది. దాన్ని మూఢనమ్మకమని నేను ఏనాడూ కొట్టిపారెయ్యలేకపోయాను. కానీ నాకు నెలలు నిండేది జనవరిలో. తడిసిన నూలు ఒంటిని చల్లబరుస్తుంది, ఊలు కొంత తడిసినా వెచ్చదనాన్ని నిలుపుతుంది. వారం రోజుల వాదన తరువాత అమ్మే ఒక దారి చూపింది: “అల్లుకో, కానీ గుండీలు మాత్రం కుట్టకు. గుండీలు లేనంతవరకు అది అల్లికే గాని బట్ట కాదు.” ఏ ధర్మశాస్త్రంలోనూ లేని ఆ తీర్పు మా ఇద్దరికీ సరిపోయింది.

చిన్న బట్ట గనుక త్వరగా అయిపోతుందని అనుకున్నాను. పసిపిల్లల ఒడ్డూ పొడుగూ ఎరగకపోవడం వల్ల అలా అనుకున్నాను. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, అంటే ఛాతీ కంటే తలే కాస్త పెద్దది. మెడ దగ్గర నేను బిగించి అల్లిన మొదటి స్వెట్టరు బొమ్మ తలకు కూడా పట్టలేదు. రెండవసారి ముందు భాగం తెరిచి గుండీల పట్టీ పెట్టాను. నమూనాలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలని ఉంటే, నా వదులు చేతికి 20 మాత్రమే వచ్చాయి. ఆ తేడాను చిన్నదనుకుని 110 కుట్లతో మొదలుపెడితే, 50 సెంటీమీటర్లు రావలసిన చుట్టుకొలత 55 అయింది. విప్పి, సన్నని సూదులతో మళ్లీ అల్లాను. ఆ శీతకాలమంతా అల్లినదానికంటే విప్పినదే ఎక్కువ.

పురిటికి వచ్చిన అమ్మ చేతిసంచిలో పాత చీర ముక్కలతో పాటు కొక్కెం సూది, తెల్లని దారపు ఉండలు ఉన్నాయి. ఆమెది నరసాపురం, లేసు అల్లికలకు పేరుపడిన ఆ ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య ఇంటింటా ఆడవాళ్ల చేతుల్లో స్థిరపడింది. పాప పుట్టిన మరునాడు గుండీలు తానే కుట్టి, నేను పాపకు అల్లిన టోపీ అంచుకు ఎంతో ముచ్చటగా నూలు లేసు అల్లింది. తీరా తొడగబోతే టోపీ తలకు దిగలేదు. ఊలు సాగుతుంది, నూలు సాగదు. లేసు బిగుసుకుని అంచును పట్టేసింది. అమ్మ నొచ్చుకున్నది గాని, రెండు రోజులకు పెద్ద కొక్కెం తెప్పించుకుని అదే లేసును వదులుగా ఊలుతో అల్లింది. అందం కొంత తగ్గింది, తల పట్టింది.

మైనస్ 5 డిగ్రీల చలిలో పాపను బండిలో వరండా బయట నిద్రపుచ్చడం ఇక్కడ మామూలే. మొదటి వారం అమ్మ కిటికీ దగ్గర నుంచి కదలలేదు. బయటికి వెళ్లి పాప మెడ వెనుక వేలు పెట్టి చూసి, వెచ్చగానే ఉన్నదని ఒప్పుకోవడానికి ఆమెకు ఆరు రోజులు పట్టింది.

ట్రోన్‌హైమ్ దగ్గరి సెల్బు అనే ఊళ్లో 1857లో మారిత్ ఎమ్‌స్టాడ్ అనే అమ్మాయి ఎనిమిది రేకుల పువ్వుతో చేతితొడుగులు అల్లిందని చెబుతారు. గళ్ల కాగితం మీద ఆ పువ్వును చూసిన అమ్మ, “ఇది మన ముగ్గే కదా” అని చుక్కలు లెక్కపెట్టసాగింది. పాప స్వెట్టరు మీద అదే వేద్దామని ఉబలాటపడితే పక్కింటావిడ వారించింది: రెండు రంగుల అల్లికలో లోపలి వైపు వేలాడే దారాలలో పసివేళ్లు చిక్కుకుంటాయట.

ఆ పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. బడిలో, వీధిలో, కలల్లో కూడా మాట్లాడేది నార్వేజియన్. తెలుగు అంకెలు నేర్పాలని నేను గోడకు అంటించిన పట్టికలు, కొన్న పుస్తకాలు వృథా అయ్యాయి. అల్లిక నేర్పుతూ కుట్లను నేను అలవాటుగా తెలుగులో లెక్కపెడుతుంటే మాత్రం, నెల తిరగకుండా ‘అరవై ఎనిమిది’ దాకా తప్పులేకుండా చెప్పసాగింది. పక్కింటావిడ ‘రెండూ ఇరవై’ అని పాత పద్ధతిలో లెక్కిస్తుంది. ఇక్కడి అంకెల క్రమాన్ని 1951లో మార్చినా పెద్దవాళ్లు ఇంకా వదలలేదు. ఆవిడ లెక్కకు నవ్వి, ‘ఇరవై రెండు’ అని మా అమ్మాయి తెలుగులో దిద్దుతుంటుంది.

ఈ మే నెలలో హైదరాబాదులో మా చెల్లెలికి పురుడు. పెద్దమ్మ కూతురి హోదాలో మా అమ్మాయి స్వెట్టరు అల్లుతానన్నది. మే ఎండల్లో ఊలు ఎందుకని నచ్చజెప్పి నూలు దారం ఇప్పించాను. నూలుకు సాగే గుణం లేదు గనుక కుట్లు ఎగుడుదిగుడుగా పడుతున్నాయని రోజూ విసుక్కుంటున్నది. వెనుక భాగం, ఒక చెయ్యి పూర్తయ్యాయి. గుండీలు ఎప్పుడు కుట్టాలని అడిగితే, అమ్మమ్మనే అడగమని ఫోను చేతికిచ్చాను. మాట్లాడి వచ్చి, ఆరు గుండీలనూ ఒక కవరులో వేసి, దాని మీద తెలుగులో ‘పుట్టాక’ అని రాసింది. ‘ట్టా’కు దీర్ఘం మరిచిపోయి, నేను చెప్పాక పైన ఇరికించింది.